లంగరుపేటలో ఎత్తిన ముప్పయ్యేడు చేతులు

లంగరుపేట,
శుక్రవారం మధ్యాహ్నం.

గౌరవనీయులైన రెవరెండ్ జగన్నాధం గారి సముఖమునకు,
డైరెక్టరు, ప్రాక్టికల్ శిక్షణ విభాగం,
తీరప్రాంత సువార్తిక శిక్షణాలయం,
ఆమదాలవలస.

అయ్యా,

విషయం: నిన్న గురువారం నాడు నా పేరు మీద నమోదైన ముప్పయ్యేడు ఆత్మలను ఎల్లుండి ఆదివారం లోపల రద్దు చేయవలసినదిగా కోరుట గురించి.

సూచిక: ఒకటి, ప్రాక్టికల్ శిక్షణ నివేదిక, ఫారం నంబరు ఏడు. రెండు, శిక్షణాలయం వాట్సాప్ గ్రూపులో తమరు పెట్టిన మూడు చప్పట్ల బొమ్మలు. మూడు, రైల్వేస్టేషన్ ఎదుట కట్టిన ఫ్లెక్సీ.

రెండో సంవత్సరం విద్యార్థి, రోల్ నంబరు పద్నాలుగు, ధనరాజు అను నేను తమకు ప్రభువు పేరిట వందనములు అర్పించి విన్నవించుకొనునది ఏమనగా, మన శిక్షణాలయంలో మార్కులు తగ్గించమని అర్జీ పెట్టుకున్న మొదటి విద్యార్థి బహుశా నేనే అయివుంటాను. తమరు దీన్ని వినయం అనుకుని, మెచ్చుకుని, పక్కన పెట్టేస్తారేమోనని భయంగా ఉంది. ఇది వినయం కాదండి. దయచేసి చివరిదాకా చదవండి.

1. నా వయసు నలభై ఒకటి. శిక్షణాలయంలో చేరకమునుపు పన్నెండేళ్ళపాటు ఆమదాలవలస వీధులలో మైకు ఆటో నడిపియుంటిని. చీరల షాపు ఆషాఢం తగ్గింపులు, కరెంటు కోతలు, కుళాయి నీళ్ళు వచ్చు వేళలు, తప్పిపోయిన మేకలు మొదలగునవి నా గొంతు ద్వారానే ఊరికి తెలిసేవి. ప్రవేశానికి వచ్చిన రోజున తమరు నా గొంతు విని, ఇంత మంచి గొంతును దేవుడిస్తే చీరలకు వాడుతున్నావా అని కోప్పడి మరీ చేర్చుకున్నారు. కాబట్టి దిగువ వివరించబోవు వ్యవహారంలో తమరి ప్రమేయం బొత్తిగా లేదని అనుకోవడానికి వీల్లేదు. ఇది నింద కాదు, పూర్వాపరం మాత్రమే.

2. దీపావళి వెళ్ళిన మర్నాడు నన్ను మూడు నెలల ప్రాక్టికల్ శిక్షణ నిమిత్తం ఈ లంగరుపేటకు పంపితిరి. ఇది సముద్రం ఒడ్డునున్న చేపలు పట్టేవారి పేట. సుమారు నూరు గడప. నా మీద సూపర్‌వైజరుగా శ్రీ తిరుమలరావు గారిని నియమించితిరి. వారు వారానికొకసారి స్కూటర్ మీద వచ్చి, నా పని చూసి, ఫారం నింపుకుని వెళ్ళవలెను. వారి చొక్కా జేబులో మనుషులను లెక్కపెట్టే నొక్కుడు మిషను ఒకటి ఎప్పుడూ ఉంటుంది. బొటనవేలితో ఒకసారి నొక్కితే ఒక అంకె పెరుగుతుంది. ముందుకు పోవడమే గాని వెనక్కి రావడం దానికి తెలియదు. సూపర్‌వైజరు గారి స్వభావమూ ఇంచుమించు అంతే.

శిక్షణ నియమావళిలో తొమ్మిదో నియమం ప్రకారం ఆరుబయట ప్రసంగానికి మైకు వాడరాదు. తమరు ఈ నియమం పెట్టినప్పుడు మైకు ఆటోవాళ్ళను దృష్టిలో పెట్టుకోలేదని తెలుస్తూనే ఉంది. పన్నెండేళ్ళు చేతిలో మైకుతో మాట్లాడినవాడికి ఉత్త చేతులతో మాట రాదండి. మొదటి ఆదివారం ఇసుకలో నిలబడి, అలవాటు చొప్పున పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, ఒక్క ముక్క పలకలేక పది నిమిషాలు గడిపితిని. నాకు పంటి నొప్పి వచ్చిందనుకుని గురమ్మ అను చేపలమ్మే ఆవిడ ఇంటికి పోయి లవంగం తెచ్చి ఇచ్చింది. సూపర్‌వైజరు గారు ఆ రోజు ఫారంలో "మౌన ప్రార్థన, బాగున్నది" అని రాశారు.

3. ఇళ్ళ సందర్శన గురించి. మూడు నెలల్లో అరవై ఇళ్ళు సందర్శించి సంతకాలు తేవలెనని ఫారంలో ఉన్నది. నేను ఇరవై రోజుల్లోనే తెచ్చితిని. అయితే ఈ పేటలో గడప లోపలికి అడుగుపెట్టినవాణ్ణి తినకుండా బయటికి పంపరు. ఒకరింట్లో చోడి అంబలి, ఒకరింట్లో ఎండు నెత్తళ్ళ ఇగురు, ఒకరింట్లో రెండూ. వాక్యం చెప్పడానికి నోరు ఖాళీ అయ్యేసరికి వాళ్ళు వలలు బాగుచేసుకోవడానికి లేచిపోయేవారు. తిన్న భోజనాలకు ఫారంలో గడి లేదు. ఉంటే అందులో నేను జిల్లాకే మొదటివాణ్ణి.

కరపత్రాల మాట కూడా ఇక్కడే మనవి చేస్తాను. పంచిన కరపత్రాలు రెండువందల నలభై అని నేను రాసిన లెక్క నిజమే. కాని అవన్నీ గురమ్మ ఇంటి అటక మీద ఉన్నాయి. అక్షరాలున్న కాగితం మీద చేప పెట్టకూడదని, నేల మీద పడేయకూడదని ఆవిడ ఇంటింటికీ తిరిగి పోగుచేసి, దారంతో కట్టి, నేను వెళ్ళేటప్పుడు తీసుకుపొమ్మని దాచి ఉంచింది. ఇంత మర్యాద మన కరపత్రాలకు మన శిక్షణాలయంలో కూడా దొరకదు.

4. (ఈ అంశం రాసి కొట్టివేయడమైనది. అది సూపర్‌వైజరు గారి స్కూటర్ సైలెన్సరు గురించి. దానికి ఈ వ్యవహారంతో సంబంధం లేదని రాశాక తెలిసింది.)

5. ఇక అసలు సంగతి. ఈ పేటలో చేపల వేలం ఎలా జరుగునో తమరికి తెలియకపోవచ్చును. సూపర్‌వైజరు గారికి తెలియకపోవడం వల్లనే ఇంతా జరిగింది గనుక ఈ అంశాన్ని తమరు రెండుసార్లు చదువగలరు.

పొద్దున్న ఏడింటికల్లా పడవలు వస్తాయి. ఆడవాళ్ళు గంపలు పక్కన పెట్టుకుని ఇసుకలో కూర్చుంటారు. కెరటాల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు గనుక కొనేవాళ్ళు అరవరు. వేలం నడిపే పాటగాడు చేపల గంప మీద కర్రతో మూడు దెబ్బలు కొడతాడు. దాంతో పాట మొదలైనట్టు. కావలసినవాళ్ళందరూ కుడిచెయ్యి పైకెత్తుతారు. పాటగాడు ధర పెంచుకుంటూ పోతాడు. అందుకోలేనివాళ్ళు చెయ్యి దించేస్తారు. చివరికి ఎవరి చెయ్యి మిగిలితే గంప వాళ్ళది. మధ్యలో చెయ్యి మార్చకూడదు. ఒకసారి దించినవాళ్ళు మళ్ళీ ఎత్తకూడదు. తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి, ఇంతవరకూ తగాదా అన్నది లేదు.

పేటకు పాటగాడు ఎర్రన్న. అరవై దాటిన మనిషి, పేటలో పెద్ద. కార్తీకంలో పట్టిన జలుబుకు ఆయన గొంతు పూర్తిగా పోయింది. ఇప్పటికీ గుసగుసగానే మాట్లాడతాడు. ఆయన నన్ను పిలిచి ఒక ఒప్పందం చెప్పాడు. తన గొంతు తిరిగొచ్చేదాకా పాట నేను పాడాలి. బదులుగా పడవలొచ్చే ముందు పావుగంట సేపు ఆడవాళ్ళందరూ కూర్చునే ఉంటారు గనుక నా వాక్యం నేను చెప్పుకోవచ్చు. మొదటి గంప గంగమ్మతల్లి పేరున తీస్తారు, దాని జోలికి నేను పోకూడదు. వాక్యం చెప్పేటప్పుడు ఎవరూ నన్ను వెక్కిరించకూడదు. నేను ఒప్పుకున్నాను. ఇందుకు తమరి ముందస్తు అనుమతి తీసుకోలేదు. అందుకు క్షమాపణలు.

పాట మొదలెట్టిన మొదటి రోజే నా గొంతు నాకు తిరిగి వచ్చింది. కారణం గొంతు కాదండి, కర్ర. చేతిలోకి ఒక వస్తువు వచ్చింది. మూడు వారాల్లో పక్క పేటల నుంచి కూడా నా పాట వినడానికి వచ్చారు. గర్వంగా చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. ఆ కర్ర పట్టుకునే వాక్యం కూడా చెప్పడం మొదలెట్టితిని. అదీ బాగానే సాగింది, నిన్నటిదాకా.

6. నిన్న గురువారం. సూపర్‌వైజరు గారు ముందు చెప్పకుండా పొద్దున్నే వచ్చి వలల గుట్ట పక్కన నిలబడ్డారు. ఎర్రన్న కొడుకు పడవ ఆ రోజు తొందరగా వచ్చేసింది. అందులోంచి దిగిన వంజరం చేపల గంప ఒకటి నా పక్కనే ఇసుకలో పెట్టి చాప కప్పారు. అంత మంచి వంజరం ఈ సీజన్లో పడలేదట. ఆడవాళ్ళ కళ్ళన్నీ నావైపే ఉన్నాయని నేను సంతోషించాను. కళ్ళు గంప మీద ఉన్నాయని తర్వాత తెలిసింది.

నేను తప్పిపోయిన గొర్రె గురించి చెప్పుచుంటిని. పన్నెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? గొర్రె ఆనవాళ్ళు కూడా చెప్పేశాను. నుదుటి మీద తెల్లమచ్చ, ఎడమ చెవి కొస తెగి ఉన్నది, మెడలో ఎర్రతాడు. ముందు వరసలో ఒకావిడ అలాంటిది మొన్న పంచాయతీ ఆఫీసు వెనకాల చూశానని చెప్పింది. దాంతో నాకు ఊపు వచ్చింది. సూపర్‌వైజరు గారు చూస్తున్నారన్న భయం కూడా ఉంది. ఇంక ఆలస్యం చేయొద్దు, ఇదే సమయం అని గట్టిగా చెబుతూ, చెబుతూ, కర్రతో పక్కనున్న గంప మీద మూడు దెబ్బలు కొట్టితిని.

ముప్పయ్యేడు చేతులు ఒక్కసారిగా లేచాయి.

అయ్యా, నేను ప్రమాణం చేసి చెప్పగలను, కొట్టిన మరుక్షణమే నాకు అర్థమయింది. పాట మొదలైపోయింది. ఒక్క ధర చెప్పి పాట నడిపించేసినా అయిపోయేది, పొరపాటయిందని నవ్వేసినా అయిపోయేది. కాని వలల గుట్ట పక్కన నొక్కుడు మిషను మీద బొటనవేలు టకటకా ఆడడం కనబడింది. సూపర్‌వైజరు గారు కళ్ళ నిండా నీళ్ళతో ముందుకొచ్చి, ఎత్తిన చేతులు దించకండమ్మా, ప్రార్థన చేసుకుందాం అన్నారు. కళ్ళు మూసుకున్నారు.

ఆ ప్రార్థన పద్నాలుగు నిమిషాలు. జిల్లా కోసం, రాష్ట్రం కోసం, శిక్షణాలయం కొత్త భవనం కోసం, తమరి మోకాలి నొప్పి కోసం. ఒక్క చెయ్యి దిగలేదు. ఎందుకు దిగుతుందండి? ధర పెరిగితే కదా దించడం. అంత వంజరానికి పాటగాడు అసలు ధరే చెప్పడం లేదు, ఉత్తపుణ్యానికి వచ్చేటట్టుంది, ముందు దించినవాళ్ళే పిచ్చివాళ్ళు. గురమ్మకు కుడి భుజం నొప్పి. ఆవిడ ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని, కన్నీళ్ళు కారుతున్నా దించలేదు. సూపర్‌వైజరు గారు మధ్యలో ఒక కన్ను తెరిచి అది చూసి, ప్రార్థన ఇంకో నాలుగు నిమిషాలు పెంచారు. వెనక వరసలో ఒడిశా వైపు నుంచి వచ్చిన వదినా మరదళ్ళు, నువ్వు దించు అంటే నువ్వు దించు అని ఒడియాలో తిట్టుకున్నారు. నివేదికలో "కొందరు అన్యభాషలలో మాట్లాడిరి" అని ఉన్నది వాళ్ళ గురించే.

అంతసేపూ నేను నోరు మూసుకుని నిలబడ్డాను. పన్నెండేళ్ళలో ఎన్నడూ మూతపడని నోరండి ఇది. ప్రార్థన అయిన వెంటనే సూపర్‌వైజరు గారు నన్ను కావలించుకుని, స్కూటర్ సీటు మీద ఫారం నంబరు ఏడు పెట్టి, తీర్మానాలు అన్న గడిలో (మన లెక్కలో చెయ్యెత్తితే ప్రభువును అంగీకరించినట్టే కదా) ముప్పయ్యేడు అని రాసి, కింద నా సంతకం అడిగారు. ఫోన్లో ఫొటో తీసి అక్కడికక్కడే గ్రూపులో పెడతానన్నారు. నేను సంతకం పెట్టాను. తప్పు ఆయనది కాదు. ఆయన చూసింది ఆయన రాశారు. తెలిసి సంతకం పెట్టింది నేను.

7. సూపర్‌వైజరు గారు అటు వెళ్ళాక ఇటు జరిగింది వినండి. ముప్పయ్యేడు చేతులూ ఇంకా పైనే ఉన్నాయి. గంప ఎవరిదని గురమ్మ అడిగింది. నేను ధర చెప్పబోతే ఎర్రన్న కర్ర లాక్కున్నాడు. పాట మధ్యలో పరాయి మనిషి దూరితే ఆ పాట చెల్లదట. పాట మొదలెట్టి ముగించలేని పాటగాడు ఆ గంపను తన చేత్తో వండి, చెయ్యెత్తి ఉన్నవాళ్ళందరికీ భోజనం పెట్టాలట. ఇది కూడా తాతల నాటి పద్ధతే. ఎర్రన్న యాభై ఏళ్ళ పాటలో ఒక్కరికీ ఆ గతి పట్టలేదని గుసగుసగా చెప్పాడు. భోజనం ఆదివారం అని పెద్దలు నిర్ణయించారు. వంజరాన్ని ఐసు పెట్టెలో దాచారు.

అనగా ఎల్లుండి ఆదివారం నాడు నా మీద రెండు కార్యక్రమాలు పడినవి. పేటవాళ్ళకు ముప్పయ్యేడు భోజనాలు. తమరికి ముప్పయ్యేడు బాప్తిస్మాలు. మనుషులు మాత్రం ఆ ముప్పయ్యేడు మందే.

8. సాయంత్రం నా భార్య రాణి ఫోన్ చేసింది. విజయనగరంలో పుట్టింటికి పోదామని స్టేషన్‌కు వచ్చిందట. స్టేషన్ ఎదుట ఫ్లెక్సీ చూసి, రైలు వదిలేసి, అక్కడే నిలబడి చేసింది. ఫ్లెక్సీలో నా ఫొటో మైకు ఆటో రోజులదట, చేతిలో మైకు కూడా ఉందట. పక్కన పెద్ద అక్షరాలతో ముప్పయ్యేడు. ఆదివారం రెండు బస్సులు, తెల్లబట్టలు, సముద్రంలో బాప్తిస్మం, అందరూ ఆహ్వానితులే. రాణి నన్ను అభినందించలేదు. నిజమేనా అని అడిగింది. నేను నసిగాను.

"పన్నెండేళ్ళు నువ్వు మైకులో సెప్పిన తగ్గింపులు నమ్మి నానొక్క సీరైనా కొన్నానా? ఇది నమ్మమంటావేటి?" అంది.

ఫోన్ పెట్టేసింది. దేవుడి పని మొదలెట్టాకైనా నా మాట నమ్మదగ్గదవుతుందని ఆవిడ ఆశపడి, కుట్టుమిషను తొక్కి నా చదువు సాగిస్తోంది. అయ్యా, నాకు సిగ్గేసింది. ఈ సంగతి అర్జీలో రాయాలో లేదో తెలియదు, రాసేశాను.

అప్పుడే లేచి ఎర్రన్న ఇంటి అరుగు మీదకు వెళ్ళాను. గురమ్మ కూడా అక్కడే ఉంది, భుజానికి ఆముదం రాసుకుంటోంది. వాళ్ళ చేతులను మా వాళ్ళు దేనికింద లెక్కపెట్టారో, నేను తెలిసి ఎలా సంతకం పెట్టానో, ఆదివారం బస్సులెందుకు వస్తున్నాయో మొత్తం చెప్పేశాను. కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండును. గురమ్మ ఆముదం సీసాకు మూత పెట్టింది. తర్వాత అంది,

"నీకు పాసవ్వడానికి మా సేతులు కావాలంటే అడగాల గదా బావూ. అడిగితే ఎత్తమా? అడక్కుండా నెక్కెట్టుకుపోడమేటి?"

దీనికి జవాబు తమరి దగ్గర ఉంటే దయచేసి తెలియజేయగలరు.

అక్కడితో అయిపోలేదు. పరీక్ష పోతే నా గతి ఏమిటని ఎర్రన్న అడిగాడు. రెండో సంవత్సరం మళ్ళీ మొదటినుంచి చదవాలని, లేదా మైకు ఆటో ఎక్కాలని చెప్పాను. అప్పుడు ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. ఎర్రన్నది ఎలాగూ గుసగుసే. చివరికి గురమ్మ చెప్పింది, ఆదివారం బస్సులొస్తే రానిమ్మని, ముప్పయ్యేడు మందీ ఇంకోసారి చెయ్యెత్తుతామని, ఆ తెల్లబట్టలు కూడా కట్టుకుంటామని, సముద్రంలో మునగడం వాళ్ళకు కొత్తేమీ కాదని. నా పరీక్ష గట్టెక్కాక ఎవరి పూజలు వాళ్ళవేనని.

అయ్యా, ఒక్క నిమిషం సరే అందామనిపించింది. ఆ నిమిషాన్ని దాచకుండా ఇందులో రాస్తున్నాను. ఇరవై రోజుల్లో అరవై ఇళ్ళు తిరిగినా నన్ను మతం మార్చుకోమని గాని, ప్రచారం మానుకోమని గాని అనని మనుషులు, నాకు మార్కులు రావడం కోసం మన దేవుడికి ఉత్తుత్తి మొక్కు మొక్కడానికి సిద్ధమయ్యారు. అంత ప్రేమను అంత అబద్ధానికి వాడుకున్నాక నేను ఏ ఊళ్ళో నిలబడి ఏ నిజం చెప్పగలను? వద్దని చెప్పాను. చెప్పేటప్పుడు ఏడ్చాను కూడా. గురమ్మ నా వైపు ఆముదం సీసా జరిపింది. ఎందుకో అడగలేదు.

"అయితే ఆదోరం వంట నువ్వే సెయ్యాల. అది మాత్రం తప్పదు," అంది.

కావున తమరు పెద్ద మనసు చేసుకుని దిగువ కోరికలు మంజూరు చేయ ప్రార్థన:

(అ) ఫారం నంబరు ఏడులో తీర్మానాలు అను గడిలోని ముప్పయ్యేడును కొట్టివేసి సున్నా రాయవలెను. నొక్కుడు మిషను వెనక్కి రాదు గనుక ఈ పనికి పెన్ను వాడగలరు. ఆ గడిలో సున్నా రాయడానికి తమరికి మనసొప్పకపోతే ఒకటి అని రాయండి. ఆ ఒకటి నేను. నిన్న అందరూ చెయ్యెత్తినప్పుడు ఎత్తలేదు, ఇవాళ ఎత్తుతున్నాను.

(ఆ) రెండు బస్సులనూ, తెల్లబట్టలనూ నిలుపుదల చేయవలెను. ఇందుకు ఇంకో కారణం కూడా ఉన్నది. సూపర్‌వైజరు గారికి ఈత రాదు. ముంచాలంటే నడుం లోతు నీళ్ళలోకి దిగాలి, ఈ నెలలో ఇక్కడ కెరటం పెద్దది. ముప్పయ్యేడు మంది కలిసి ఆయన్ని బయటికి లాగవలసి వస్తుంది.

(ఇ) ఫ్లెక్సీ విప్పించవలెను. విప్పాక పారవేయవద్దు. పడవ మీద కప్పుకోవడానికి ఎర్రన్న అడుగుచున్నాడు. నా బొమ్మ లోపలికి పెట్టి కప్పుతానని మాట ఇచ్చాడు.

(ఈ) తిరుమలరావు గారిని కోప్పడవద్దు. నిన్న ఆయన కళ్ళలో నీళ్ళు నిజమైనవి. వంజరం కోసం కాకుండా అక్కడ ఏడ్చింది ఆయనొక్కరే. సంగతి ఆయనకు నేనే చెబుదామని పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ స్తోత్రం అని పెద్దగా అరిచి, అభినందనలు చెప్పి, నా మాట వినకుండానే పెట్టేస్తున్నారు.

(ఉ) నన్ను ఫెయిల్ చేయడంలో నాకు అభ్యంతరం లేదు. అయితే రెండో సంవత్సరం మళ్ళీ చదవవలసి వస్తే ప్రాక్టికల్ శిక్షణకు మళ్ళీ లంగరుపేటకే పంపవలెను. ఇక్కడ నేను చెప్పే మాట ఇకమీదట ఎవరూ ఊరికే నమ్మరు. అలాంటిచోటే నేర్చుకోవాలని నాకు అనిపిస్తోంది.

(ఊ) తొమ్మిదో నియమాన్ని సవరించి, మైకు కాకపోయినా విద్యార్థి చేతిలో ఏదో ఒక వస్తువు పట్టుకొనుటకు అనుమతించవలెను. కర్ర మాత్రం వద్దు.

ఈ అర్జీని ఎర్రన్న కొడుకు రేపు పొద్దున్న మోటార్ సైకిల్ మీద తెచ్చి తమ చేతికే ఇస్తాడు. దయచేసి బస్సులు కదలకమునుపే చిత్తగించవలెను. కదిలాక చిత్తగించినా ఒకటే, చిత్తగించకపోయినా ఒకటే.

పాసైనా ఫెయిలైనా తమ విధేయుడు,
ధనరాజు,
రోల్ నంబరు పద్నాలుగు.

తా.క.: సంతకం పెట్టాక గురమ్మ ఈ అర్జీ మొత్తం చదివించుకుని విన్నది. సున్నా అన్నచోట తల ఊపింది. భుజం నొప్పి సంగతి డైరెక్టరు గారికెందుకు రాశావని తిట్టింది. తర్వాత, ఆ పెద్దాయన్ని కూడా ఆదివారం భోజనానికి రమ్మని రాయమంది. రాణి కూడా వస్తోంది. నేను వండిన పులుసు ముప్పయ్యేడు మంది తినేదాకా నమ్మనని చెప్పింది.

కాబట్టి తమరు దయచేయండి. బస్సులు లేకుండా, ఫారాలు లేకుండా రండి. ఒక్క హెచ్చరిక మాత్రం మనవి చేసుకోవాలి. ఏ గుమ్మంలో అడుగుపెట్టినా రెండు చేతులూ పైకెత్తి ఆశీర్వదించడం తమరికి అలవాటు. ఆదివారం పొద్దున్న పడవలొచ్చాక మామూలు వేలం ఉంటుంది. ఎర్రన్న కర్ర నాకు మళ్ళీ ఇచ్చాడు. ఆ సమయానికి తమరు ఒడ్డున ఉంటే రెండు చేతులూ గట్టిగా కట్టుకునే ఆశీర్వదించగలరు. ఇక్కడ రెండు చేతులంటే రెండు గంపలు. పొరపాటున ఎత్తినా తమరి చేతులు నేను లెక్కపెట్టను.

గురమ్మ లెక్కపెడుతుంది.